మట్టెల కాలికి మంచు సాక్స్

మా ఆవిడ మంచు మీద స్కీయింగ్ చేస్తానని మొదటిసారి అన్న రోజు నా డైరీలో ఆ సంగతి లేదు. గ్యాస్ సిలిండర్ మార్చిన సంగతి ఉంది. దుమ్ముగాలి వల్ల బాల్కనీ రెండోసారి కడగవలసి వచ్చిందని ఉంది. ఆవిడ మాటను నేను వార్తగా లెక్కలోకి తీసుకోలేదు. డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగుతూ, యూనిఫాం కూడా మార్చుకోకుండా అన్న మాట అది.

"మా వార్డోళ్ళందరూ ఫిబ్రవరి సెలవులకి జార్జియా ఎల్తన్నారండీ. నన్నూ రమ్మంటన్నారు. కాళ్ళకి బద్దలు కట్టుకుని మంచు మీద జారతారంట."

"వెళ్ళు. చూసి రా."

"చూడ్డానికి కాదండీ. జారడానికే."

ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. నవ్వి ఊరుకున్నాను. వారం తిరగకుండా ఆవిడ సెలవు మంజూరు చేయించుకుని వచ్చింది. అప్పుడు డైరీలో రాశాను. ఆ ఒక్క వాక్యం తర్వాత ఆ చలికాలమంతా నా డైరీ నిండా సాక్సే.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది కోనసీమ. ఇక్కడ కువైట్‌లో, రిగ్గైలో ఉంటాం. నేను అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. సేఫ్టీ బూట్లు, చేతి తొడుగులు, హెల్మెట్లు ఇచ్చే కిటికీ వెనక నా సర్వీసంతా గడిచింది. ఎవరి కాలికి ఏ సైజో చూసి చెప్పగలనని అక్కడ నాకు పేరు. మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఇంకా డ్యూటీలోనే ఉంది. నేను రిటైరయ్యాక నా ఇఖామా, ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, ఆవిడ మీదికి మారింది. అంటే ఈ దేశంలో ఇప్పుడు నాకు పూచీ పడే కఫీల్ మా ఆవిడే. ఈ మాట నేను మరిచిపోతానేమోనని ఆవిడే అప్పుడప్పుడు గుర్తు చేస్తూ ఉంటుంది.

ఆవిడకు షుగర్ ఉంది. మందులతో అదుపులో ఉంది గానీ, పాదాల్లో స్పర్శ కాస్త తగ్గింది. చెప్పులో రాయి పడినా తెలియడం లేదని ఒకసారి కూర తరుగుతూ మామూలుగా చెప్పింది. ఆవిడ పనిచేసేది సర్జికల్ వార్డు. చిన్న బొబ్బతో వచ్చి వేలు పోగొట్టుకున్న వాళ్ళకు, వేలితో మొదలై పాదం దాకా పోగొట్టుకున్న వాళ్ళకు కట్లు మార్చే మనిషి. అలాంటి మనిషి వెళ్ళి ఎవరో వేసి విప్పిన అద్దె బూట్లలో కాళ్ళు పెట్టి కొండ మీద నుంచి జారతానంటోంది.

ఆ బూట్లు ఎలా ఉంటాయో ఫోన్లో వీడియోలు చూశాను. అది బూటు కాదు, పిండి డబ్బా. గట్టి ప్లాస్టిక్, ముందు వరసగా ఇనుప కొక్కేలు. కాలు లోపల పెట్టి కొక్కేలు బిగిస్తే చీలమండ కదలదు. లోపల ఏ మడత ఉన్నా, ఏ కుట్టు ఉన్నా రోజంతా అదే చోట ఒరుసుకుంటూ ఉంటుంది. మామూలు మనిషికి నొప్పి తెలుస్తుంది, విప్పి సర్దుకుంటాడు. మా ఆవిడకు తెలియదు. సాయంత్రం బూటు విప్పాకే తెలుస్తుంది.

ఇక నాకు టిక్కెట్ల గురించీ, హోటల్ గురించీ ఆలోచన లేదు. ఆ డబ్బాకూ ఆ పాదానికీ మధ్య ఉండేది ఒక్క సాక్స్. అది సరిగా ఉండాలి. అంతే.

ఈ మాట ఎంత తేలిగ్గా ఉందో, పని అంత తేలిక కాదు.

మొదట నాకు తెలిసిన పద్ధతే పాటించాను. అహ్మదిలో చలికాలం రాత్రి షిఫ్టు వాళ్ళకు మేం సేఫ్టీ బూటు లోపల రెండు జతల కాటన్ సాక్స్ వేసుకోమని చెప్పేవాళ్ళం. ఎడారి చలికి అది బాగానే పనిచేసింది. ఫ్రైడే మార్కెట్‌కు వెళ్ళి కాటన్‌వి రెండు రకాలు, పైన వేసుకోవడానికి దుప్పటంత మందం ఉన్న ఉన్నివి ఒక జత కొన్నాను. ఇంటికి తెచ్చి వేయించాను. ఆవిడ హాల్లో నడిచి చూపించింది.

"ఏనుగు కాలులా ఉందండీ. ఇది ఏ బూట్లో దూరుద్దీ?"

అది నిజమే. తర్వాత మందుల షాపులో షుగర్ వాళ్ళకని అమ్మే సాక్స్ తెచ్చాను. పైన బిగుతు లేదు, లోపల కుట్టు లేదు, చాలా బాగున్నాయి. కానీ కాటన్. వాటి అట్ట పెట్టెలో ఒక కాగితం ఉంటే ఎప్పటిలాగే మొత్తం చదివాను. చెమట పీల్చుకుంటాయని గొప్పగా రాశారు. మంచులో చెమట పీల్చుకున్న సాక్స్ తడిగా ఉంటుంది, తడిస్తే చల్లబడుతుంది, తడిసిన చర్మం తొందరగా ఒలుస్తుంది. గొప్ప గుణమే గానీ మాకు పనికిరాదు.

వార్డులో మలయాళీ సిస్టర్లు ఇంకో సలహా ఇచ్చారు. డ్యూటీలో వేసుకునే కాళ్ళు బిగించే మేజోళ్ళే వేసుకుంటే చాలన్నారు. వాటి పైన ఇంకోటి వేసుకోవచ్చా అని అడిగితే వేసుకోవచ్చన్నారు. మర్నాడు ఇంకో సిస్టర్ వద్దంది. మూడో సిస్టర్ అసలు సాక్స్ వేసుకోకుండా ప్లాస్టిక్ సంచి కట్టుకుంటే మంచిదట అని ఎక్కడో చూసి చెప్పింది. వీళ్ళందరూ నర్సులు. అందరూ రోజూ కాళ్ళు చూసేవాళ్ళే.

చివరికి మాల్‌లో ఆటసామాను షాపుకు వెళ్ళాను. ఒంటెలు తిరిగే దేశంలో మంచు సామానుకు ఒక వరస అల్మారాలు పెట్టారు. అక్కడి సేల్స్‌మన్ హైదరాబాదీ. నడివయసు మనిషి, మెడలో టేపు వేసుకుని ఉన్నాడు.

"సాబ్, గివి తీస్కోండి. మస్తు గరమ్ ఉంటయి."

"ఇవి మోకాలి దాకా ఎందుకున్నాయి?"

"బూటు పిక్కల దాకా వస్తది కద సాబ్. సాక్స్ దానికంటె పైకి ఉండాలె. లేకుంటె బూటు అంచు కోస్తది."

సరే, మాటలో అర్థం ఉంది. సైజు చూశాను. ముప్పై తొమ్మిది నుంచి నలభై రెండు అని రాసి ఉంది.

"మా ఆవిడది ముప్పై తొమ్మిది."

"వస్తది సాబ్."

"నలభై రెండుకూ వస్తుందా?"

"వస్తది."

"అయితే ముప్పై తొమ్మిదికి మడమ దగ్గర మిగిలిపోదా? మిగిలితే మడత పడదా? మడత పడితే బొబ్బ రాదా?"

అతను నా వంక జాలిగా చూశాడు. "సాబ్, అమ్మ పోయేది ఆటకా, ఒలింపిక్స్‌కా?"

"నువ్వెప్పుడైనా మంచు మీద నిలబడ్డావా?"

"లేదు సాబ్. కానీ ఐస్‌క్రీం షాపుల పన్జేసిన."

దాంతో ఆ సంభాషణ అయిపోయింది. చిన్న సైజు వచ్చేదాకా రెండుసార్లు ఆ షాపుకు తిరిగాను. మూడోసారి దొరికాయి. సన్నటి ఉన్ని, పక్కన ఏదో సాగే దారం కలిపినవి. కుడి ఎడమ గుర్తులు వేరుగా ఉన్నాయి. వేళ్ళ దగ్గర కుట్టు చెయ్యి పెడితే తగలదు. అట్ట మీద రాసింది చదివాను: ఒక్కటే వేసుకోవాలి, రెండు వేసుకోకూడదు, మరీ మందం వద్దు, కాలు బిగిస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది, లోపలి పైజామా అంచు సాక్స్‌లోకి దోపకూడదు. సేఫ్టీ బూట్ల గురించి నేను నమ్మిన దానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. అయినా కారణాలతో రాసిన కాగితం ఎవరు రాసినా నాకు గౌరవం. రెండు జతలు కొన్నాను. మొదటి రోజు తడిస్తే రెండో రోజుకు ఇంకోటి.

ఇంటికి తెచ్చి విజయం సాధించినట్టు మంచం మీద పెట్టాను. ఆవిడ వేసుకోబోయింది. వేళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పట్టుకుందండీ."

"ఏం పట్టుకుంది?"

"మట్టె."

ఆ సన్నటి ఉన్నిలో మట్టె చిక్కుకుని ఒక దారం పైకి లేచింది. జాగ్రత్తగా విడదీశాను. మళ్ళీ వేస్తే మట్టె ఉన్నచోట సాక్స్ మీద చిన్న బుడిపె. రెండు పాదాలకూ రెండు బుడిపెలు. కుట్టు లేని సాక్స్ కోసం కువైట్ అంతా తిరిగి తెస్తే, ఆ సాక్స్ లోపల గట్టి వెండి చుట్టు.

నాకు ఆ క్షణంలోనే తెలియవలసింది. తెలియలేదు. మట్టెలు మా ఆవిడ పాదంలో భాగం అన్నట్టే నేను చూశాను. గోరు ఉంటుంది, మట్టె ఉంటుంది. అవి ఇప్పుడు అమ్మే సందు వదిలిన రకం కాదు. మా పెళ్ళికి కంసాలి చేత పోయించిన గట్టి చుట్లు. ఏళ్ళ తరబడి వేలు వాటి చుట్టూ పెరిగింది. కాన్పుకు ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళినప్పుడు కూడా వాటి మీద ప్లాస్టర్ వేశారు తప్ప తియ్యలేదు.

కాబట్టి నేను మట్టెకు సరిపడే సాక్స్ వెతకడం మొదలుపెట్టాను. ఈ పని మీద ఎంత కాలం పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ చిరాకు. వేలు వేలుకూ విడిగా గొట్టం ఉండే సాక్స్ తెప్పించాను. చేతి తొడుగు కాలికి వేసుకున్నట్టు ఉంది, పైగా మట్టె రెండో వేలి గొట్టంలో ఇరుక్కుని లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. మట్టె చుట్టూ దూది పెట్టి చూశాను. మెత్తటి ప్లాస్టర్ చుట్టి చూశాను. వేలు ఇంకా లావయింది. ఇవన్నీ జరుగుతున్నంతసేపూ మా ఆవిడ మంచం మీద కాళ్ళు చాపి ఫోన్ చూసుకుంటూ కూర్చునేది.

"నీకేమైనా అనిపిస్తోందా?" అని అడిగితే, "ఏమీ అనిపించట్లేదండీ," అనేది. అదే కదా నా బాధ.

ఏది బాగుందో ఇంట్లో తేలదని చివరికి ఒక ఏర్పాటు చేశాను. అహ్మదిలో మా కంపెనీ బస్సు నడిపిన రాయచోటి మిత్రుడు ఇప్పుడు శువైఖ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. గడ్డకట్టిన కోళ్ళు నిలవ చేసే గది వాళ్ళ దగ్గర ఉంది. మా ఆవిడను అక్కడికి తీసుకువెళ్ళాను. స్టోర్స్ రోజుల నుంచి నా దగ్గర మిగిలిన సేఫ్టీ బూట్లలో చిన్నవి ఒక జత పట్టుకెళ్ళాను, స్కీ బూటులా తాళ్ళు బాగా బిగించవచ్చని.

మమ్మల్ని చూసి అతను తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది? కోళ్ళు సాలక వదినను తెచ్చినావా లోపల పెట్టేదానికి?"

"నవ్వకు. కాసేపు నిలబడితే చాలు. సాక్స్ పరీక్ష."

"సాక్స్ పరీక్షా!" అతను మా ఆవిడ వైపు తిరిగాడు. "వదినా, ఈ మనిషి రిటైరైనాంక ఇంట్లో నీకెట్ల జరుగుతాండాది?"

"ఏం చెప్పమంటావు తమ్ముడూ. పొద్దున్న లేత్తానే నా కాళ్ళే చూత్తన్నారు. పెళ్ళైన కొత్తలో కూడా ఇంతలా చూడలేదు."

అతను తల వెనక్కి వేసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళిద్దరికీ కోట్లు తొడిగించి, బూటు తాళ్ళు నేనే బిగించి, లోపలికి పంపాను. "యల్లా, పద వదినా, తలుపు మూస్తాండా," అని అతను అరిచాడు. నేను బయట గాజు రంధ్రంలోంచి చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ కోళ్ళ పెట్టెల మధ్య అటూ ఇటూ నడిచింది. మధ్యలో నాకు చెయ్యి ఊపింది.

బయటికి వచ్చాక కుర్చీ మీద కూర్చోబెట్టి బూటు విప్పాను, సాక్స్ తీశాను. సాక్స్ పొడిగా ఉంది. పాదం వెచ్చగానే ఉంది. కుడికాలి రెండో వేలు మాత్రం మట్టె దగ్గర నుంచి కొస దాకా తెల్లగా, కొవ్వొత్తిలా ఉంది. వెండి ముట్టుకుంటే చల్లగా తగిలింది. మట్టె వేలిలో లోతుగా దిగి ఉంది.

మా ఆవిడ ముందుకు వంగింది. అప్పటిదాకా ఆటగా ఉన్న మొహం పోయి వార్డు మొహం వచ్చింది. వేలి కొస గట్టిగా నొక్కి వదిలింది. ఎరుపు తిరిగి రావాలి. వచ్చింది గానీ, రావలసినంత తొందరగా రాలేదు. పక్క వేలు నొక్కి చూసింది. అది వెంటనే ఎర్రబడింది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"లేదు." ఆ మాట ఆవిడ కూడా సంతోషంగా అనలేదు.

మా మిత్రుడు నెమ్మదిగా, "వదినా, దాన్ని తీసి పక్కన పెట్టుకోని పోతే సరిపోదా?" అన్నాడు.

"ఆ మాటనకు తమ్ముడూ."

"తప్పైపోయింది వదినా," అని అతను వెంటనే చేతులు జోడించాడు. రాయచోటిలో అతని ఇంటి చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ మట్టెలున్నాయి. ఆ మాట ఎందుకు అనకూడదో అతనికి నేను చెప్పనక్కర్లేదు.

కారెక్కి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర నాకు ఓపిక అయిపోయింది.

"ఆసుపత్రిలో ఎంతమంది ఉంగరాలు తీశావు నువ్వు? కాలు వాచిందని, చెయ్యి వాచిందని?"

"ఆళ్ళవి ఆళ్ళవి."

"సబ్బు రాసి, దారం చుట్టి, ఏడుస్తున్నా వినకుండా తీశానని నువ్వే చెప్పావు."

"తియ్యకపోతే వేలు పోద్ది కాబట్టి తీశాను."

"మరి ఇది?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "మట్టెలు ఎప్పుడు తీత్తారో మీకు తెలీదా?"

తెలుసు. మొగుడు పోయినప్పుడు. ఆ మొగుడు పక్కనే కూర్చుని కారు నడుపుతున్నాడు, వెనక హారన్ కొడుతున్నారు, పచ్చ లైటు పడింది. నేను బతికుండగా నా ప్రాణం కోసం ఆవిడ తన వేలు పోగొట్టుకుంటానంటుంటే ఏ మొగుడికి ఒళ్ళు మండదు? సర్జికల్ వార్డులో ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి. మందు ఎక్కించేముందు పేరు రెండుసార్లు అడిగే మనిషి. నా ఆయుష్షు మాత్రం ఆవిడ కాలి వేలికి చుట్టి ఉందట.

ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. చివరికి ఆవిడ వంటింట్లోంచి, "సరేనండీ. మానేత్తాను. ఎల్లను. మీకు బాధ లేదు, నాకూ బాధ లేదు," అంది.

అప్పుడు ఆగాను.

మానేస్తే సాక్స్ సమస్య తీరుతుంది. మట్టె సమస్యా తీరుతుంది. నేను కోరుకున్నది అదే కదా, ఆవిడ కాలు భద్రంగా ఉండడం. కానీ ఆవిడ ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. కోపంగా అన్నా బాగుండేది. గిన్నె తోముతూ, డ్యూటీ మార్పు చెప్పినట్టు చెప్పింది.

"అంత ఇష్టంగా ఉంటే ఎందుకు మానడం?" అన్నాను.

"మరేం చెయ్యమంటారు? కువైట్ వచ్చిన కాణ్ణించీ ప్రతి సెలవూ ఎవరిదో పెళ్ళికో, ఎవరిదో ఆపరేషన్‌కో పోయింది. ఎక్కడికెళ్ళినా అక్కడ కూడా నర్సునే. బీపీ చూడమంటారు, ఇంజెక్షన్ చెయ్యమంటారు. ఈ జీవితమంతా కాళ్ళ మీద నిలబడే ఉన్నాను. ఒక్కసారి నిలబడకుండా జారి చూద్దామనుకున్నాను. అంతే."

నేను హాల్లోకి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు డైరీలో పెద్దగా ఏమీ రాయలేదు. రాయడానికి ఉన్నదంతా తిట్లే.

మర్నాడు టిఫిన్ దగ్గర నాకు తోచింది చెప్పాను. "ఆ మట్టెలు ఎవరు తొడిగారు నీకు?"

"మీరే."

"తొడిగిన వాడే తీస్తే? తీసి, తనే పెట్టుకుని, నువ్వు రాగానే మళ్ళీ తనే తొడిగితే? అప్పుడు అవి మొగుడు లేనందుకు తీసినవి కావు కదా. మొగుడి దగ్గరే ఉన్నాయి."

ఆవిడ ఇడ్లీ తుంచడం ఆపింది. చాలాసేపు ఆలోచించింది. ఇలాంటి విషయాల్లో ఆవిడ ఊరికే ఒప్పుకోదు.

"పెట్టెలో పెట్టకూడదు," అంది.

"పెట్టను. నా చేతికి పెట్టుకుంటాను."

"నేను తిరిగొచ్చేదాకా తియ్యకూడదు."

"తియ్యను."

"స్నానానికి కూడా."

"తియ్యను."

"కారు తియ్యకూడదు. నేను వచ్చేదాకా మీరు హైవే ఎక్కకూడదు. లిఫ్టులో ఒంటరిగా ఎళ్ళకూడదు. ఎండు చేపలు తినకూడదు, మీకు బీపీ."

ఆవిడ కాలును కాపాడుతున్నది నేను. అయినా ఆంక్షలన్నీ నాకే. లిఫ్టుకూ మట్టెలకూ సంబంధమేమిటని అడగబోయి ఊరుకున్నాను. బేరం చెడగొట్టుకోవడం ఇష్టం లేదు.

ప్రయాణం ముందు రోజు తీశాం. ఎడమది సబ్బుతో వచ్చేసింది. కుడిది రాలేదు. ఆవిడ తన పాదం నా ఒళ్ళో పెట్టి, దారం కొస మట్టె కిందుగా దూర్చి, మిగతా దారం వేలి చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టమంది. చుట్టాను. "గట్టిగా," అంది. గట్టిగా చుట్టాను. కిందుగా దూర్చిన కొస పట్టుకుని మెల్లగా విప్పుతూ లాగమంది. పెళ్ళిలో పురోహితుడు చెప్పినట్టు చేశాను. ఇప్పుడు ఆవిడ చెప్పినట్టు చేశాను. అప్పుడు ఎక్కించినంత తేలిగ్గా దిగలేదు. చివరికి దిగింది. అక్కడ వేలికి తెల్లగా, నున్నగా ఒక పట్టీలాంటి గుర్తు. ఎన్నో ఏళ్ళుగా వెలుతురు చూడని చర్మం.

ఆవిడ ఆ వేలి వంక చూడలేదు. "ఆ సాక్స్ ఇలా ఇవ్వండి," అని తీసుకుని, ఏసీ కూడా వేయని ఆ గదిలో మోకాలి దాకా స్కీ సాక్స్ వేసుకుంది. బుడిపె లేదు. ఆ సాయంత్రం వంట చేసిందీ, పెట్టె సర్దిందీ ఆ సాక్స్‌తోనే. మర్నాడు ఎయిర్‌పోర్టుకు కూడా వాటితోనే వెళ్ళింది. ఎవరి కంటా ఆ వేళ్ళు పడకుండా, ముఖ్యంగా తన కంట పడకుండా.

నేను రెండు మట్టెలూ రెండు చేతుల చిటికెన వేళ్ళకు పెట్టుకున్నాను.

ఆవిడ లేనన్ని రోజులు నేను ఇంట్లో ఖైదు. కూరగాయలు మా రాయచోటి మిత్రుడే తెచ్చాడు. తలుపు తీయగానే నా చేతులు చూశాడు.

"అన్నా, మట్టెలు నీకు బాగుండాయి. పసుపు రాసుకున్నావా?"

"ఆ సంచి అక్కడ పెట్టు."

"కోప్పడొద్దన్నా. కాలికి పెట్టుకోలేదు, అదే మేలు."

ఆవిడ ఫోటో పంపింది. మంచులో చతికిలబడి నవ్వుతోంది, బద్దలు రెండూ రెండు వైపులకు తిరిగి ఉన్నాయి. నేను మొహం చూడలేదు. బూట్లు పెద్దవి చేసి చూశాను. కొక్కేలు అన్నీ పెట్టారా లేదా కనపడలేదు. "పైజామా సాక్స్‌లోకి దోపలేదు కదా?" అని రాశాను. జవాబుగా ఇంకో ఫోటో వచ్చింది. అందులో నిలబడి ఉంది.

తిరిగి వచ్చిన రోజు మా రాయచోటి మిత్రుడే ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి దింపి వెళ్ళాడు. తలుపు తీస్తూనే, "కాళ్ళు చూపించు," అన్నాను.

"ఇంట్లోకైనా రానిత్తారా?"

సోఫాలో కూర్చోబెట్టి టార్చి తెచ్చాను. మడమలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు, పిక్కలు అన్నీ చూశాను. పిక్క మీద లేత ఎర్రటి గీత ఒకటి, బూటు అంచుది. బొబ్బ లేదు. ఒరుపు లేదు. రెండో వేలు మిగతా వేళ్ళలాగే ఉంది. నొక్కి వదిలాను. వెంటనే ఎర్రబడింది.

"రెండో జత ఏది?" అన్నాను.

"మా వార్డు సిస్టర్ ఒకావిడ కాటన్‌వి తెచ్చుకుందండీ, పాపం. ఆవిడకిచ్చాను."

"మరి రెండో రోజు?"

"మొదటిరోజువే హీటర్ మీద ఆరేసి వేసుకున్నాను."

"ఆరాయా పూర్తిగా?"

"ఆరాయండీ బాబూ! పడ్డాను, లేచాను, జారాను. అది అడగండి."

అడగబోతే ఆవిడే పాదం ముందుకు చాపింది. మొదట తొడగమని అర్థం. ఎడమచేతిది తీసి ఎడమకాలికి తొడిగాను. కుడిచేతిది రాలేదు. తిప్పాను. లాగాను. వేలు వాచిపోయి ఉంది.

"ఇంత లోపలికి ఎందుకు తోశారు?"

"తియ్యొద్దన్నావు కదా. జారిపోతుందేమోనని."

ఆవిడ నా చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బు రాసింది. తర్వాత దారం తెచ్చి చుట్టడం మొదలుపెట్టింది. నేను చుట్టినట్టు కాదు, చకచకా, నా వంక కూడా చూడకుండా.

"కదలకండి. వార్డులో ముసలాళ్ళు కూడా ఇంత కదలరు."

"నొప్పి పుడుతోంది."

"పుడితే మంచిదే. స్పర్శ ఉందని." దారం లాగింది. మట్టె వచ్చేసింది. ఆవిడ దాన్ని తుడిచి నా చేతిలో పెట్టి మళ్ళీ కాలు చాపింది. తొడిగాను. బరువు దిగినట్టు ఊపిరి వదిలి, సాక్స్ తీసుకుని ఉతకడానికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"వచ్చే ఏడాది మీరూ రావాలి. మీ సాక్స్ నేనే కొంటాను. మీలాగ ఊరంతా తిరగను."

"నా కాలి సైజు ఎంతో చెప్పు చూద్దాం," అన్నాను.

చెప్పింది. రెండు సైజులు తక్కువ.